శాండో బనియన్ వేసుకుంటే బలం వస్తుందా?



ఈ వారం ఒక పాత సినిమా గురించి రాస్తున్నాం. పాస్టరు గారి పేజీలో సినిమా కబుర్లేమిటని పెద్దలు కొందరు అనుకోవచ్చు. ఓపికగా చివరి వరకూ చదవండి. ఇందులో ఒక బలహీనుడు ఉన్నాడు, కళ్లు కనబడని ఒక ఆడపిల్ల ఉంది, పాట పాడుతూ వీధుల్లో నడిచే ఒక చిన్న సంఘం ఉంది, కూలిపోయిన ఒక గోడ ఉంది. మన సంఘాల్లో "బలం", "శక్తి", "పవర్" అనే మాటలు ఈ మధ్య ఎలా వాడుతున్నామో ఆలోచించుకోవడానికి ఈ సినిమా అద్దంలా పనికొస్తుందని మా నమ్మకం.

సినిమా పేరు 'ది స్ట్రాంగ్ మాన్', అంటే బలశాలి. 1926లో అమెరికాలో వచ్చిన మూకీ హాస్య చిత్రం. నిడివి గంటా పావు. మాటలు లేవు కాబట్టి ఇంగ్లీషు రాని అమ్మమ్మలు కూడా కూర్చుని నవ్వుకోవచ్చు. కథానాయకుడు హ్యారీ లాంగ్డన్. ఆ రోజుల్లో చాప్లిన్, కీటన్, హెరాల్డ్ లాయిడ్‌ల సరసన చెప్పుకున్న హాస్యనటుడు. దర్శకుడు ఫ్రాంక్ కాప్రా. ఇటలీలోని సిసిలీలో పుట్టి, చిన్నతనంలోనే అమెరికా చేరిన ఈయనకు పూర్తి నిడివి చిత్రం తీయడం ఇదే మొదలు. 2007లో ఈ సినిమాను అమెరికా వారు భద్రపరచదగిన చిత్రాల జాబితా అయిన నేషనల్ ఫిల్మ్ రిజిస్ట్రీలో చేర్చుకున్నారు.

కథ చెబుతాం. మొదటి ప్రపంచ యుద్ధంలో పాల్ అనే బెల్జియం సైనికుడు ఉంటాడు. తెల్లటి పసిపిల్లాడి ముఖం, పెద్ద కళ్లు, ఏ పనికీ తెగించలేని చేతులు. మిషన్ గన్ పేలిస్తే ఒక్క గుండూ తగలదు గానీ ఉండేలు పట్టుకుంటే మాత్రం గురి తప్పదు. శత్రువు మీద కూడా ఉండేలుతో గట్టి బిస్కెట్లు విసిరి కొడతాడు. చివరికి ఒక పెద్ద జర్మన్ వస్తాదు చేతికి చిక్కుతాడు. యుద్ధం ముగిశాక ఆ వస్తాదే 'జాండో ది గ్రేట్' అనే పేరుతో బల ప్రదర్శనలు ఇచ్చుకోవడానికి అమెరికా వస్తూ, పాల్‌ను సహాయకుడిగా వెంట తెచ్చుకుంటాడు. పాల్ రావడానికి ఇంకో కారణం ఉంది. యుద్ధ కాలంలో మేరీ బ్రౌన్ అనే అమెరికా అమ్మాయి అతనికి ఉత్తరాలు రాసేది. ఆమె ఫోటో పట్టుకుని, ఆమెను వెతుక్కుంటూ వచ్చాడు.

జాండో అనే పేరు వినగానే మీకు ఏదో తట్టి ఉండాలి. ఆ కాలంలో యూజెన్ శాండో అనే నిజమైన బలశాలి ఉండేవాడు. 1867లో ప్రష్యాలో పుట్టాడు, 1925లో చనిపోయాడు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో మన దేశానికీ వచ్చి కండలు చూపించి వెళ్లాడు. మన ఊళ్లలో చేతులు లేని బనియన్‌ను ఇప్పటికీ "శాండో బనియన్" అంటామే, అది ఆయన పేరే. ఆ శాండో పేరులో ఒక్క అక్షరం మార్చి సినిమాలో జాండో అని పెట్టుకున్నారు. బలశాలులంటే మన వాళ్లకూ మోజే. వీరఘట్టం నుంచి వచ్చిన కోడి రామ్మూర్తి నాయుడు గారు ఛాతీ మీద ఏనుగును నిలబెట్టుకుంటే జనం కలియుగ భీముడని పిలుచుకున్నారు. కండబలాన్ని మెచ్చుకోవడంలో తప్పేమీ లేదు. అది సాధనతో వచ్చేది. పొద్దున్నే లేచి గుండు ఎత్తినవాడికే వస్తుంది. బనియన్ తొడిగితే రాదు.

అసలు సంగతి అక్కడే మొదలవుతుంది. జాండో ప్రదర్శన క్లోవర్‌డేల్ అనే ఊరికి వస్తుంది. ఒకప్పుడు ప్రశాంతంగా ఉన్న ఆ ఊరిని సారా వ్యాపారులు పాడు చేశారు. అమెరికాలో 1920 నుంచి 1933 వరకూ మద్య నిషేధం ఉంది. చట్టం కాగితం మీద ఉంటే దొంగ సారా ఊళ్లలో ఉండేది. ఆ ఊరిలో ఒక పేద పాస్టరు గారున్నారు. జనం ఎగతాళిగా "హోలీ జో" అని పిలుస్తారు. ఆయన తన చిన్న సంఘాన్ని వెంటబెట్టుకుని, యెరికో గోడలు కూలినట్టు ఈ సారా హాలు గోడలు కూడా కూలుతాయని నమ్మి, పాటలు పాడుతూ ఊరంతా నడుస్తుంటాడు. హాలు లోపల తాగేవాళ్లు నవ్వుతుంటారు. ఆ పాస్టరు గారి కూతురే మేరీ బ్రౌన్. పాల్ వచ్చి చూసేసరికి తెలుస్తుంది, ఆమెకు చూపు లేదని.

ఆ రాత్రి జాండో బాగా తాగి పడిపోతాడు. టిక్కెట్లు కొన్న జనం అల్లరి చేస్తారు. హాలు వాళ్లు పాల్‌ను పట్టుకుని, జాండో దుస్తులు తొడిగి స్టేజీ మీదికి తోస్తారు. ఆ బట్టలు వాడికి సగానికి సగం వదులు. గుండ్లు ఎత్తబోతాడు, కదలవు. నవ్వించబోతాడు, చిన్నగా నాట్యం చేస్తాడు, కాలయాపన చేస్తాడు. మనం కడుపుబ్బా నవ్వుతాం. ప్రియులారా, ఆ నవ్వు మధ్యలో ఒక్క క్షణం ఆగి చూడండి. స్టేజీ మీద నిలబడి, లేని బలాన్ని ఉన్నట్టు చూపించమని జనం కేకలు వేస్తుంటే చెమటలు కక్కుతున్న ఆ మనిషిని మనం ఎక్కడైనా చూశామా?

మేము చూశాం. మైకు ముందు చూశాం. మా తోటి సేవకుల్లో చూశాం. నెలకు ఒక అద్భుతమైనా జరగకపోతే పక్క ఊరి కూటానికి వెళ్లిపోతామనే విశ్వాసుల ముందు, జాండో బట్టలు తొడుక్కుని నిలబడ్డ చిన్న పాస్టర్లు ఎందరో ఉన్నారు. బట్టలు తొడిగింది వాళ్లే కాదు. తొడగమన్నది మనం కూడా.

సౌలు రాజు తన యుద్ధ కవచాన్ని చిన్నవాడైన దావీదుకు తొడిగిన సంగతి 1 సమూయేలు 17వ అధ్యాయంలో ఉంది. దావీదు నడవబోయి, ఇవి నాకు అలవాటు లేవని విప్పేశాడు. వాగులో ఐదు రాళ్లు ఏరుకుని, వడిసెల పట్టుకుని వెళ్లాడు. దావీదు చేసిన మొదటి సాహసం గొల్యాతు ఎదుటికి వెళ్లడం అనుకుంటాం గానీ, అంతకన్నా ముందు రాజు ఎదుట రాజు బట్టలు విప్పేయడం తక్కువ సాహసమా? పెద్దమనిషి ఇచ్చిన గొప్ప వేషాన్ని "ఇది నాది కాదు" అని చెప్పగలగడం చాలామంది సేవకులకు ఇంకా చేతకాలేదు.

సినిమాలో పాల్‌కు మాత్రం ఆ మాట చెప్పే అవకాశం ఇవ్వలేదు. అలా అవస్థ పడుతుండగా జనంలో ఎవడో మేరీని గురించి నీచంగా మాట్లాడతాడు. అంతే. పాల్ గుండ్లను మరచిపోతాడు, జనాన్ని మరచిపోతాడు, తన భయాన్నీ మరచిపోతాడు. ఒంటరిగా ఆ తాగుబోతు గుంపు మీదికి దూకుతాడు. ఊయల పట్టుకుని ఊగుతాడు, పెద్ద తెరను గుంపు మీదికి లాగి దాని మీద నడుస్తాడు, ఆఖరికి ప్రదర్శన కోసం పెట్టిన ఫిరంగిని పేలుస్తాడు. బయట సంఘం పాడుతూ నడుస్తుంటుంది. హాలు గోడలు కూలిపోతాయి.

ఆ ఫిరంగి మాకు నచ్చలేదని చెప్పాలి. యెరికో చుట్టూ నడిచినవారి దగ్గర ఫిరంగి లేదు. బూరలు ఊదారు, కేకలు వేశారు, ఏడు రోజులు ఓపిక పట్టారు. సినిమా నవ్వించాలి కాబట్టి ఫిరంగి తెచ్చింది. అయినా ఆ సన్నివేశంలో ఒక నిజం ఉంది. ఆ మనిషికి బలం ఎప్పుడు వచ్చింది? బలశాలి వేషంలో జనం మెప్పు కోసం అవస్థ పడినంతసేపూ రాలేదు. తనను తాను పూర్తిగా మరచిపోయి, తనకన్నా నిస్సహాయురాలి పక్షాన నిలబడినప్పుడు వచ్చింది. అప్పుడు కూడా అది వాడి కండల్లోకి రాలేదు. పని జరిగింది, అంతే. మర్నాడు వాడిని అదే గుండు ఎత్తమంటే మళ్లీ ఎత్తలేడు.

ఇదే మేము చెప్పదలచుకున్న మాట. "పాస్టరు గారూ, నాకు శక్తి రావాలని ప్రార్థన చేయండి" అని చాలామంది అడుగుతారు. ప్రార్థన చేస్తాం. కానీ శక్తి అంటే బ్యాంకులో వేసుకునే డబ్బులాంటిది కాదు, ఒకసారి వస్తే మన పేర ఉండిపోవడానికి. సమ్సోను అలాగే అనుకున్నాడు. ఎప్పటిలాగే లేచి విడిపించుకుంటాను అనుకుని లేచాడు. యెహోవా తనను విడిచిపోయిన సంగతి అతనికి తెలియలేదని న్యాయాధిపతులు 16:20లో రాసి ఉంది. బలం పోవడం కన్నా, పోయిందని తెలియకపోవడం ఎక్కువ భయంకరం. అపొస్తలుడైన పౌలు తన ముల్లు తీసేయమని మూడుసార్లు వేడుకున్నాడు. ముల్లు తీయబడలేదు, కృప ఇవ్వబడింది. 2 కొరింథీ 12వ అధ్యాయం ఇంట్లో కూర్చుని తీరికగా చదవండి. మన సినిమా నాయకుడి పేరు కూడా పాల్ కావడం కాకతాళీయమే కావచ్చు, మాకు మాత్రం ఆ పేరు వినగానే ఆ అధ్యాయం గుర్తొచ్చింది.

ఇక ఈ సినిమాలో మాకు అన్నింటికన్నా ఎక్కువగా నచ్చిన సంగతి చెబుతాం. గోడలు కూలాయి, సారా హాలు పోయింది, ఊరు బాగుపడింది. మేరీకి మాత్రం చూపు రాలేదు. ఆమె తండ్రి ప్రార్థనాపరుడు. గోడలు కూలేంత విశ్వాసం గల ఇల్లు అది. అయినా ఆమె చూపు లేని ఆడపిల్లగానే మిగిలింది. సినిమా తీసినవాళ్లు తలచుకుంటే ఆఖరి రీలులో ఆమె కళ్లు తెరిపించడం ఎంతసేపు? వాళ్లు ఆ పని చేయలేదు. "నీ విశ్వాసం చాలలేదమ్మా" అని ఎవరితోనూ అనిపించలేదు కూడా.

మన మధ్యలో ఆ మాట అనేవాళ్లు ఉన్నారు. అందుకే సూటిగా రాస్తున్నాం. స్వస్థత కూటానికి వెళ్లి వచ్చి, టీబీ మందులు ఆరు నెలలు వాడవలసి ఉండగా రెండో నెలలోనే ఆపేసిన వాళ్లను మేము చూశాం. షుగరు ఇంజెక్షన్ మానేసి ఆసుపత్రి పాలైన తల్లిని చూశాం. మందు మింగితే విశ్వాసం లేనట్టేనని వాళ్లకు ఎవరో చెప్పారు. టీబీ మందు మధ్యలో ఆపితే ఆ జబ్బు మందులకు లొంగని జబ్బుగా మారే ప్రమాదముంది. అప్పుడు అది ఆ ఒక్కరిదే కాదు, ఆ ఇంట్లో పసిపిల్లలకూ సోకవచ్చు. దేవుడు స్వస్థపరచలేడని మేము అనడం లేదు. ఆయన స్వస్థపరుస్తాడని నమ్ముతాం, ప్రతి ఆదివారం ప్రార్థిస్తాం. అయితే రోగం తగ్గని మనిషిని రెండోసారి గాయపరచే అధికారం ఏ బోధకుడికీ లేదు. పుట్టు గుడ్డివాడిని చూసి, ఎవరు పాపం చేశారని శిష్యులు అడిగితే, ఇతడూ కాదు, ఇతని తల్లిదండ్రులూ కాదని ప్రభువే చెప్పాడు. యోహాను 9వ అధ్యాయం. ఆయన వేయని నిందను మనం ఎందుకు వేయాలి?

కాబట్టి మా విన్నపం ఇది. మాత్రలు ప్రార్థన చేసుకుని వేసుకోండి. డాక్టరు చెప్పకుండా ఆపకండి. ఆపమని చెప్పిన సేవకుడు ఎంత పేరున్నవాడైనా సరే, ఆ ఒక్క మాట వినకండి.

ఇప్పుడు హాలు బయట నడిచేవాళ్ల సంగతి. సినిమా చూసినవాళ్లు పాల్‌ను గుర్తుపెట్టుకుంటారు, బయట నడిచిన ముసలివాళ్లను మరచిపోతారు. గోడ కూల్చింది లోపలి మనిషా, బయటి పాటా అని అడిగితే సినిమా జవాబు చెప్పదు. రెండూ ఒకే వేళకు జరిగినట్టు చూపించి ఊరుకుంటుంది. మాకు అది సబబుగానే తోచింది. సంఘంలో పని ఎప్పుడూ అలాగే జరుగుతుంది. సాక్ష్యం చెప్పేవాడు ఒకడు కనబడతాడు. వాడి వెనుక ఉపవాసం ఉన్న విధవరాళ్లు నలుగురు కనబడరు.

ఇది పరాయి దేశపు సినిమా కథ అనుకోకండి. మన నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో జరిగింది ఏమిటి? రాత్రి బడిలో అక్షరాలు దిద్దుకున్న ఆడవాళ్లు సారా దుకాణానికి అడ్డం పడ్డారు. వర్ధినేని రోశమ్మ గారు ముందు నిలిచారు. వాళ్లలో వస్తాదు ఎవరూ లేరు. కూలి పనికి వెళ్లి వచ్చి, కొట్టే భర్తలకు వండిపెట్టే ఆడవాళ్లు. వాళ్ల ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది. అది 1997లో సడలిపోయిందనీ మనకు తెలుసు. అమెరికా నిషేధం కూడా 1933లో పోయింది. గోడ కూలడం ఒక్క పూట పని. కూలిన గోడను మళ్లీ కట్టేవాళ్లు రాత్రిళ్లు కూడా నిద్రపోరు.

అందుకే ఆ సినిమా ముగింపు మాకు ఇష్టం. గోడ కూల్చినవాడిని రాజును చేయలేదు. ఊరికి పోలీసును చేశారు. యూనిఫాం వేసుకుని వీధులు తిరిగి కాపలా కాయాలి. నలుగురూ చూసి చప్పట్లు కొట్టే పని కాదు. మేరీ తోడు వస్తానంటే వద్దని, తానొక్కడే వెళ్లబోతాడు. నాలుగు అడుగులు వేసి కాలు తట్టుకుని బోర్లా పడతాడు. చూపు లేని ఆ అమ్మాయే వచ్చి లేవదీస్తుంది. ఇద్దరూ కలిసి నడుస్తూ వెళతారు. బలశాలి అనే పేరున్న సినిమాలో చివరికి బలశాలిని లేపింది ఎవరో చూడండి. సంఘం అంటే మాకు తెలిసినంతలో ఇదే. కళ్లు లేనివారు కాళ్లు తడబడినవారిని లేపుకుంటూ ఇంటి దాకా నడవడం.

సినిమా వెనుక కథ కూడా క్లుప్తంగా చెప్పాలి. ఈ చిత్రం బాగా పేరు తెచ్చింది. తరువాతి చిత్రం 'లాంగ్ ప్యాంట్స్' 1927లో తీశాక లాంగ్డన్ దర్శకుడు కాప్రాను పంపించేశాడు. తన సినిమాలు తానే తీసుకోవడం మొదలుపెట్టాడు. అలా తీసిన మూడు చిత్రాలూ ఆడలేదు. కంపెనీ ఒప్పందం పోయింది. 1931లో దివాలా తీశాడు. కాప్రా పెద్ద దర్శకుడై, 1971లో రాసుకున్న ఆత్మకథలో, లాంగ్డన్ వేసిన ఆ అమాయకుడి పాత్రకు దేవుడు తప్ప వేరే దిక్కు లేదని, ఆ గుట్టు లాంగ్డన్‌కే తెలియలేదని చెప్పుకొచ్చాడు. ఇది ఒక పక్షం వారి మాటే అనేవాళ్లూ ఉన్నారు. మేము తీర్పు తీర్చడం లేదు. ఎందుకంటే పడిపోయాక లాంగ్డన్ మూల కూర్చోలేదు. చిన్న చిత్రాల్లో నటించాడు. లారెల్, హార్డీల కోసం హాస్య సన్నివేశాలు రాసిపెట్టాడు. 1944 డిసెంబరులో కన్నుమూసే దాకా పని చేస్తూనే ఉన్నాడు. తన పేరు పెద్ద అక్షరాల్లో లేని చోట కూడా పని చేయగలగడం ఒక బలమే. ఆ బలానికి టిక్కెట్లు అమ్ముడుపోవు.

ప్రియులారా, ఈ వారం మీలో ఎవరైనా మోయలేని గుండు ముందు నిలబడి ఉండవచ్చు. అప్పు కావచ్చు, జబ్బు కావచ్చు, తాగుడు మానని కొడుకు కావచ్చు. చుట్టూ ఉన్నవాళ్లు "ఎత్తు, నీ విశ్వాసం చూపించు" అని కేకలు వేస్తుండవచ్చు. మీరు ఎత్తలేకపోతున్నారని దేవుడు మీ మీద నవ్వడం లేదు. వదులుగా వేలాడే ఆ జాండో బట్టలు విప్పేయండి. మీ పక్కన మీకన్నా బలహీనంగా ఉన్నవారు ఎవరో చూడండి. వారి కోసం ఈ రోజు చేయగలిగిన ఒక్క చిన్న పని చేయండి. ఆసుపత్రికి తోడు వెళ్లండి, మందులు వేళకు వేసుకున్నారా అని ఒక ఫోను చేయండి, సంతలో నుంచి వస్తూ వారి సంచి కూడా పట్టుకురండి. గోడల సంగతి, కళ్ల సంగతి ఆయనకు వదిలిపెడదాం. ఆయన కూల్చేవి కూలుస్తాడు. కూల్చనివాటి మధ్య మనతో నడుస్తాడు.

మన ప్రభువైన యేసుక్రీస్తు కృప మీ ఇంటిల్లిపాదికీ తోడైయుండును గాక. ఆమేన్.